ఎల్లాల్సిన పిల్ల

"ఇదేటి కతే! మూసీ, మూసీ ఆ పుస్తకం!"

కాసమ్మ చేతిలో ఎండుచేపల చేట విసురుగా కింద పెట్టింది. గుమ్మంలో కూచుని చదువుతున్న కోడలు పుణ్యవతి ఉలిక్కిపడింది.

"అయిపోనాది అత్తా. ఇదే ఆకరి పేజీ."

"అయిపోడమేటి? నీళ్లకింద రాజ్యమేలే రాజకుమారుడు పున్నమికీ పున్నమికీ ఒడ్డుకొచ్చి ఆ పిల్లని బతిమాలతాడా! పిల్లకీ ఆడంటే పేణమా! తీరా రథం తెచ్చి రమ్మంటే, 'మా అత్త ఒక్కత్తీ అయిపోద్ది, నాను రాను' అంటాదా? ఆడు ఏడుసుకుంటా నీళ్లలోకి ఎలిపోతాడా? ఇందుకేనా ఇన్నాళ్లూ నన్ను కూకోబెట్టి ఇనిపించినావు?"

"మరి అత్తనొగ్గేసి ఎలాగెల్తాది?" పుణ్యవతి తలెత్తలేదు.

"ఆ అత్తని అడిగినాదా?"

"అడగనేదు."

"అడక్కుండానే ముసిల్దాని మనసు తెలిసిపోనాదేటి? నానే ఆ అత్తనైతే చేతులికి గాజులు తొడిగి మరీ పంపుదును!"

కాసమ్మకి చదువు రాదు. మధ్యాహ్నం చేపలు ఆరేసుకున్నాక కోడలు ఏది చదివితే అదే ఆవిడకి పుస్తకం. కొడుకు సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాని నాటి నుంచీ ఆ ఇంట్లో వాళ్లిద్దరే. ఈ నవల్లో పిల్ల మొగుడు కూడా సముద్రంలోనే పోయాడని విన్నరోజు కాసమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, "మన కతే రాసినాడే ఎవుడో" అంది. అప్పట్నుంచీ ఆ పిల్ల ఆవిడకి సొంత మనిషి. కోపం అందుకే.

పుస్తకం లాక్కుని వెనక అట్ట తిప్పింది. రాసినాయన ఫొటో ఉంది.

"ఓలమ్మ! ఈ బాబుది బరంపురవే. నాను సేపలమ్మే ఈదిలోనే ఇల్లు. నా గంప కనిపిస్తే ముక్కు మూసుకుంటాడు. రేపెల్లి అడుగుతాను."

పుణ్యవతి మొహంలో రక్తం లేదు. "వద్దత్తా! పెద్దోరు. ఉత్తి కత కదా, ఒగ్గీ."

"నానొగ్గను."

మర్నాడు చేపలన్నీ అమ్ముడుపోయాక కాసమ్మ ఖాళీ గంప ఆ ఇంటి అరుగు కింద పెట్టి పిలిచింది. రచయిత వెంకటరమణమూర్తి గారు తలుపు తీశారు. అలవాటు కొద్దీ తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"మేం చేపలు తినమమ్మా."

"సేపలకి కాదు బాబూ. మీరు రాసిన కతకొచ్చినాను."

తువ్వాలు జారిపోయింది. తన నవల కోసం గుమ్మందాకా వచ్చిన మనిషిని ఆయన చూడడం ఇదే మొదటిసారి. అరుగు మీద కూచోమన్నారు, మంచినీళ్లు తెప్పించారు. కాసమ్మ నీళ్లు తాగి, మూతి తుడుచుకుని మొదలుపెట్టింది.

"ఆ పిల్లకంత అన్యాయం సెయ్యడానికి మీకు మనసెలా ఒప్పినాది బాబూ? ఆడు బంగారం లాంటోడు కదా! బతికినన్నాళ్లూ దాన్ని ఒంటిగా ఉండిపొమ్మనేటి? మావోళ్లలో మారుమనువు తప్పు కాదు. మీకు తెలకపోతే నన్నడగకూడదా?"

"ఒంటిగానా?" ఆయన నొచ్చుకున్నారు. "లేదమ్మా! ఇద్దరూ రథమెక్కి సముద్రంలోకి వెళ్లిపోతారు. పెళ్లి ఒక అధ్యాయమంతా వర్ణించాను!"

లోపలికెళ్లి పుస్తకం తెచ్చి, గొంతు సవరించుకుని చివరి పేజీ చదివారు. శంఖాలు మోగాయి. పగడాల పందిట్లో రాజకుమారుడు తాళి కట్టాడు.

కాసమ్మ అయోమయంగా చూసింది. "మరి ఆ పిల్ల అత్తో?"

"ఏ అత్త?"

"మొగుడు పోనాక ఆ పిల్లని కనిపెట్టుకునున్న ముసిల్ది, బాబూ."

"మొగుడేమిటమ్మా! మా కథానాయిక మహారాజు గారి ఒక్కగానొక్క కూతురు. అంతకుముందు పెళ్లే కాలేదు. అసలు నా నవల్లో అత్తగారే లేదు."

కాసమ్మ లేచి గంప నెత్తికెత్తుకుంది.

"అయితే ముగింపు నచ్చినట్టేనా?" ఆయన వెనకనుంచి అడుగుతూనే ఉన్నారు.

గోపాలపూర్ బస్సులో కిటికీ పక్కన కూచుని కాసమ్మ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. రాజకుమారుడు నవ్వితే ఎడం బుగ్గ సొట్టపడుతుందని చదివినప్పుడు కోడలు పుస్తకం వైపు చూడనేలేదు, సముద్రం వైపు చూసింది. అతనికి చిరిగిన వల బాగుచెయ్యడం వచ్చునని విని, "రాజులకిదేం పనే!" అని తనే పకపకా నవ్వింది. ఆ మాటలన్నీ ఏ పేజీలో ఉన్నాయి? మరెక్కడివి?

అంటే పిల్ల అడిగిందన్నమాట. నోటితో అడగలేక, పుస్తకం అడ్డం పెట్టుకుని అడిగింది.

ఖాళీ ఇల్లు కళ్లముందు కదిలింది. ఒక కంచం, ఒక చాప. కాసమ్మ కళ్లు మూసుకుంది. సముద్రపు గాలి మొహానికి తగిలేదాకా తెరవలేదు.

ఇంటి ముందు పుణ్యవతి ఎండుచేపలు తిరగేస్తోంది. అత్తని చూసి చేతులు ఆగిపోయాయి.

"అడిగినావా అత్తా?"

"అడిగినాను."

పుణ్యవతి తల దించుకుంది. కళ్లనీళ్లు చేపల మీద రాలుతున్నాయి. కాసమ్మ గంప దించి, కోడలి పక్కన ఇసకలో చతికిలబడింది. ఒక చేప తిరగేసింది. ఇంకోటి తిరగేసింది.

"ఒలే పుణ్యా."

"ఊఁ."

"ఆ రాజకుమారుడిది ఏ ఊరే?"

పుణ్యవతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత, గాలికి కూడా వినపడకూడదన్నట్టు, మెల్లిగా చెప్పింది.

"ఆర్యపల్లి, అత్తా."