అద్దం వెనక కుట్టుమిషను

ఓడెక్కి ఈ పరాయి దేశానికి వచ్చిన తాతల నాటి నుంచీ ఆ వీధిలో మనవాళ్ల మాటే వినిపించేది. ఒక్కొక్కరే ఖాళీ చేసి వెళ్లిపోగా చివరికి ముసలి దర్జీ ఒక్కడే మిగిలాడు. అద్దె మూడింతలు చేసేసరికి ఆయనా కొట్టు వదులుకుని వెనక సందులో ఒక ఇరుకు గదికి మారాడు. కొట్టు ఉన్నచోట కాఫీ షాపు వెలిసింది. పాతకాలపు అందం వస్తుందని, చనిపోయిన ఆయన భార్య కుట్టిన మిషను కొనుక్కుని, బెల్టు తీసేసి అద్దం వెనక పెట్టుకున్నారు.

ఒక రాత్రి షాపు మూశాక ఆయన అటుగా వెళ్తుంటే లోపల మిషను నడుస్తున్న చప్పుడు వినిపించింది. నాలుగు కుట్లు వేసి ఆగడం, దారం పంటితో కొరకడం, మళ్లీ తొక్కడం. అది ఆవిడ పద్ధతే.

అద్దానికి ముఖం ఆనించి చూశాడు. చీకట్లో వంగిన వీపు కనిపించింది. ఒళ్లో కాఫీ షాపు పనివాళ్లు కట్టుకునే నల్ల గుడ్డలున్నాయి.

ఆయనకు భయం వేయలేదు, కడుపు మండిపోయింది. మూడేళ్లుగా రోజూ పక్కన రెండో దిండు వేసుకుని పడుకుంటున్నాడు. కలలోకైనా రాని మనిషి, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లకి కుట్టిపెడుతోంది!

"ఏమే, నేనేం పాపం చేశాను? వాళ్లు నీకేమవుతారని? లే, ఇంటికి పోదాం," అన్నాడు.

మిషను ఆగింది.

ఆవిడ తల తిప్పలేదు. ఆ గొంతు మాత్రం ఆవిడదే. పరాయివాళ్లతో మాట్లాడేటప్పటి మర్యాదతో పలికింది.

"షాపు కట్టేశామండీ. రేపు రండి."