దెయ్యాల పార్టీలో ప్రార్థన

"పాట ఆపండి!"

యాంగోన్‌లో చిమిండైంగ్ బజారు పక్క హాల్లోకి సంఘపెద్ద శామ్సన్ దూసుకొచ్చేసరికి హాలోవీన్ పార్టీ మంచి ఊపులో ఉంది. గుమ్మడికాయలకు కళ్లూ పళ్లూ చెక్కి, లోపల కొవ్వొత్తులు వెలిగించారు. ఒక మంత్రగత్తె నీళ్ల తొట్టిలో తల ముంచి, తేలుతున్న యాపిల్‌ని పళ్లతో పట్టడానికి నానా తంటాలు పడుతోంది. పాట ఆగగానే దెయ్యాలన్నీ గోడకు అతుక్కుపోయాయి.

"ఏటర్రా ఈ యేసాలు? మన బాప్తిస్టు పిల్లలెవులున్నారో ముసుగులు తియ్యండి. పేర్లన్నీ పాస్టరయ్యగారికి సెప్తాను. ఒక్కలు కూడా క్రిస్మస్‌కి పాట పాడరు!"

ఎవరూ కదల్లేదు. అస్థిపంజరం వేషంలో ఉన్న జూలియట్ మాత్రం ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది. ఈ క్రిస్మస్‌కి ఒంటరిగా పాడే అవకాశం మొదటిసారి ఆమెకే వచ్చింది. ఒక్క సాయంత్రం సరదాకి అదంతా మట్టిగొట్టుకుపోయేలా ఉంది.

"ఇక్కడ మీవోళ్లెవులూ లేరు ఊ శామ్సన్," అంది పక్కనున్న తెల్లదుప్పటి దెయ్యం, గొంతు మార్చి, బర్మావాళ్లు పెద్దలకి గౌరవంగా చేర్చే 'ఊ' కూడా చేర్చి. "అందరం బర్మావోలిమే."

"బర్మావోలికి ఇంత సక్కటి తెలుగెలాగొచ్చిందే, వెరోనికా?"

వెరోనికా దుప్పటి తీసి తల దించుకుంది. మిగతా దెయ్యాలు మూతులు బిగించాయి.

శామ్సన్ తక్కువవాడా! "సరే, పార్దన సేసుకుందాం," అని కళ్లు మూసుకున్నాడు. యాంగోన్‌నీ, నదినీ, నదిలో ఓడలనీ, సంఘాన్నీ, దారి తప్పిన గొర్రెపిల్లల్నీ తీరిగ్గా దేవుడికి అప్పగించాడు. చివరికి, "యేసు నామంలో అడిగి వేడుకుంటన్నాం తండ్రీ..." అని ఒక కన్ను తెరిచాడు.

"ఆమెన్!" అన్నాయి మంత్రగత్తె, రెండు పిశాచాలు, ఒక మమ్మీ.

పుట్టిన దగ్గర్నుంచీ అలవాటుపడ్డ నోళ్లు, వేషం వేసినంత మాత్రాన ఊరుకుంటాయా! నలుగురూ దొరికిపోయారు. జూలియట్ నాలుక కరుచుకుని ఎలాగో ఆపుకుంది. పాపం, ఆ తంటాలో ఒళ్లంతా వణికి శామ్సన్ కంట్లో పడింది.

"ఈ బొమికల గూడు ఎవులిది? నువ్వేనా, జూలియట్?" అంటూ ఆమె ముసుగు పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మూలనున్న రక్తపిశాచి కళ్లు మూసుకునే రెండు చేతులూ పైకెత్తి, ప్రార్థన ముగిశాక ఇచ్చే ఆశీర్వాదాన్ని గంభీరంగా మొదలుపెట్టింది. రెండు మాటలయ్యాక ఏదో గుర్తొచ్చినట్టు ఠక్కున ఆగిపోయింది. ఎత్తిన చేతులు మాత్రం ఎత్తినట్టే ఉన్నాయి.

శామ్సన్ నోరు తెరుచుకుపోయింది.

"ముందు ఆ పిల్ల ముసుగొగ్గేయ్, శామ్సన్," అన్నారు పాస్టర్ గారు, జారిపోతున్న కోరలు లోపలికి నొక్కుకుంటూ.