తనిఖీ వంట

“సాయంత్రం తనిఖీకి వస్తారట,” ఫోను పెట్టేసి అన్నాడు వీధి కమిటీ ప్రెసిడెంటు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఎవరింటికి?” ఉల్లిపాయ తరుగుతూనే అడిగింది భార్య.

“మనింటికే. ఎవడో పేరు చెప్పలేదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టుంది. ‘మీ మేలు కోరి చెబుతున్నాను, చీకటి పడేలోపు ఇల్లు చక్కబెట్టుకోండి’ అన్నాడు.”

ఆమె కత్తి పక్కన పెట్టింది. ఇద్దరూ ఒకేసారి అటక వైపు చూశారు.

సరుకుల కొరత వచ్చినప్పుడు ప్రభుత్వం హుకుం వేసింది. ఏ ఇంట్లోనూ నెలకు సరిపడేదానికి మించి తిండిగింజలు ఉండకూడదు. ఉంటే జైలు. ఆ హుకుం వీధిలో మైకు పెట్టి చదివింది ప్రెసిడెంటే. “దాచుకోవడమంటే పక్కింటివాడి నోటికాడి కూడు లాక్కోవడమే” అని సొంతంగా ఒక ముక్క కలిపాడు కూడా. చప్పట్లు మోగాయి. ఆ వారమే అతని అటక మీదికి బియ్యం బస్తాలు ఎక్కాయి. తర్వాత శనగలు, బొబ్బర్లు, కందిపప్పు. పాడైపోయిన వాషింగ్ మెషీన్లోకి గోధుమపిండి చేరింది. పరుపు కింద సేమ్యా.

“పారబోద్దాం,” అన్నాడు.

“చెత్తబండివాడు చూస్తే ఊరంతా టముకు వేస్తాడు.”

“మా చెల్లెలింటికి పంపిద్దాం.”

“మీ చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు. బస్తా నానుతుందా?”

ప్రెసిడెంటు చెప్పులేసుకుని మూలమీద ఉన్న కిరాణా కొట్టుకి పరుగెత్తాడు. కొట్టాయన ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. ఈమధ్య వీధిలో ఎవరూ సరుకులు కొనడం లేదు. అదంతా తన ఉపన్యాసం మహిమేనని ప్రెసిడెంటు నమ్మకం.

“మా చుట్టం ఒకాయన దగ్గర కాస్త సరుకు మిగిలిపోయిందట. వెనక్కి తీసుకుంటావా?”

“ఎంతమాట సార్. తనిఖీవాళ్లు ముందు దూరేది నా కొట్లోకే. మీ చుట్టంతోపాటు నేనూ లోపలికి పోతాను,” కొట్టాయన గొంతు తగ్గించాడు. “అయినా గింజ దాస్తే నేరంగానీ, వండితే నేరమని ఎక్కడుంది? వండి నలుగురికీ పెట్టమనండి. దొంగ అనాల్సిన నోటితోనే దాత అంటారు.”

ప్రెసిడెంటుకి ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే భార్య కొంగు బిగించింది. కాసేపట్లో స్టవ్ మీద ఖాళీ లేదు. పెరట్లో ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టారు. కూతురు పప్పు కడుగుతుంటే, అల్లుడు పిండి కలుపుతున్నాడు. అత్తారింటికి వచ్చి ఈ చాకిరీ ఏమిటని అతను అడగలేదు. మొన్న పడుకున్నప్పుడే పరుపు కింద నుంచి సేమ్యా నడుముకి గుచ్చుకుంది.

“బొబ్బర్లకి పురుగు పట్టిందండీ.”

“ఏరు. వాళ్లొస్తే పురుగుల్ని కూడా మన ఖాతాలోనే రాస్తారు.”

“ఉప్పు చూస్తారా?”

“నాకిప్పుడు ఏ రుచీ తెలియడం లేదే.”

ఎండ వాలేసరికి అటక, మెషీను, పరుపు ఖాళీ అయ్యాయి. గిన్నెలు, బకెట్లు, ఆఖరికి పసిపిల్లలకి స్నానం చేయించే టబ్బు కూడా నిండాయి. ఇక తినేవాళ్లు కావాలి. ప్రెసిడెంటు ధర్మదాత మొహం పెట్టుకుని గేటు తీశాడు.

గేటు బయట టైలరు భార్య. చంకలో బకెట్టు.

“అన్నయ్యగారూ, ఇవాళ మా ఇంట్లో అన్నం కాస్త ఎక్కువైంది. మీరు ఎంగిలి పడితే మాకు సంతోషం.”

“మీరే మా ఇంటికి రావాలమ్మా. మేమూ ఏదో...”

వెనక నుంచి రిటైర్డ్ గుమాస్తా తోపుడుబండి తోసుకుంటూ వచ్చాడు. దాని మీద డేగిసా నిండా పప్పు.

“ఏంటి బాబాయిగారూ, విశేషం?”

“మా అత్తగారి జ్ఞాపకార్థం, బాబూ.”

“ఆవిడ పొద్దున్నే కదా కుళాయి దగ్గర మా ఆవిడతో పోట్లాడింది?”

గుమాస్తా దగ్గాడు. “ముందుగానే చేసేస్తున్నాం.”

అప్పటికే వీధి పొడుగునా తలుపులు తెరుచుకుంటున్నాయి. ప్రతి ఇంటి నుంచీ ఒక గంగాళం, దాని వెనక ఒక నవ్వు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే తిరిగి జవాబు చెప్పుకోవాలి. వీధి మధ్యలో చాపలు పరిచారు. ఎవరి నేరం వాళ్లు వడ్డిస్తూ, పక్కవాడి నేరం నములుతూ, జనం పొట్ట పగిలేదాకా తిన్నారు. మిగిలింది కుక్కలకి పెట్టారు. కాసేపటికి కుక్కలు కూడా మొహం తిప్పుకున్నాయి.

తనిఖీవాళ్లు రాలేదు.

“వీధి సంగతి విని సిగ్గుపడి వెనక్కి పోయుంటారు,” అన్నాడు ప్రెసిడెంటు. అందరూ తలలూపారు.

తెల్లారి ప్రెసిడెంటు భార్య డబ్బాలు దులిపింది. టీకి పంచదార కూడా రాలలేదు. అతను సంచి పట్టుకుని కొట్టుకి వెళ్లాడు. అక్కడ వీధంతా సంచులతో నిలబడి ఉంది.

కందిపప్పు ధర విని టైలరు గుండె పట్టుకున్నాడు.

“నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత తేడానా?”

“ఏం చేయమంటారు? అందరూ ఒక్కసారి మీద పడితే ధర ఆగుతుందా?” బొంగురుపోయిన గొంతుతో అన్నాడు కొట్టాయన. “ఇళ్లలో ఏమీ లేదా ఏంటి?”

అందరూ సంచులు ముందుకు చాపారు. అడిగినంతా ఇచ్చి మోసుకుపోయారు.

“నెలకి సరిపడా మాత్రమే కట్టు. మనం చట్టానికి లోబడినవాళ్లం,” అన్నాడు ప్రెసిడెంటు, నలుగురికీ వినపడేలా. జైలు తప్పింది, పరువు దక్కింది. డబ్బు పోతే పోయిందనుకుంటూ తలెత్తుకుని ఇంటిదారి పట్టాడు.

కొట్టు ఖాళీ అయ్యాక లోపలి నుంచి కొట్టాయన భార్య వేడినీళ్ల గ్లాసు తెచ్చి మొగుడి చేతికిచ్చింది.

“పుక్కిలించండి. పక్క వీధివాళ్లకి తనిఖీ ఫోన్లు నేను చేస్తాలెండి.”