జీరో చూసుకోండి

తుని డిపో బస్సులకు హైడ్రోజన్ పోసే కాంట్రాక్టు పెద్ద కంపెనీకి ఇచ్చేశారని, ఇన్నాళ్లూ పోసిన చిన్న బంకు వరహాలమ్మ కేసు వేసింది.

తీర్పులిచ్చే యంత్రం, "మీ అభ్యంతరం ఏమిటమ్మా?" అని మర్యాదగానే అడిగింది.

"మేం మీటర్లో జీరో చూపించాకే పోత్తామండి. ఆళ్ల మరలకి ఆ మరియాదే లేదండి."

"బస్సుల్లో డ్రైవర్లే లేరు కదమ్మా, ఎవరు చూస్తారు?"

కేసు పోయింది.

పాత కాంట్రాక్టు ముగిసే సాయంత్రం ఆఖరి బస్సు బంకులోకి వచ్చింది. వరహాలమ్మ డ్రైవరు వైపు అద్దం మీద వేలితో తట్టి, "జీరో చూసుకోండి బాబూ," అంది. వెనకటి డ్రైవర్లు తలూపి "కానియ్యి" అనేవారు. ఆ మాట కోసం ఆగింది. బస్సు రెండుసార్లు హారన్ కొట్టాక గానీ ఆమె గొట్టం మీట నొక్కలేదు.