వెనక్కి తిప్పిన ఆదివారం

"వెనక్కా?" కంప్యూటర్ మాస్టారు నోరు వెళ్లబెట్టాడు. "తారీఖు సరిచేయమని పిలిచేవాళ్లని చూశాను గానీ, చెడగొట్టమని పిలిచింది మీరొక్కరేనమ్మా!"

"పోయిన మార్చికి తిప్పండి మాస్టారూ. పదహారో తారీఖు, ఆదివారం. మధ్యాహ్నం మూడు."

"టైము కూడానా?"

"మా ఆయన కునుకు తీసి లేచే వేళ అదే."

వీధి చివర షాపులో రిటైరైన వాళ్లకి కంప్యూటర్ నేర్పుతాడు మాస్టారు. ఆవిడ భర్త ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఏప్రిల్‌లో ఓ రాత్రి నిద్రలోనే పోయాడు. నాలుగు నెలలుగా కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది.

పాపం, ఆయన ఉన్న రోజుల్లోకి వెళ్లిపోవాలనుకుంటోంది కాబోలు అని మాస్టారికి జాలేసింది. ఇంటర్నెట్ వైరు పీకి, తారీఖు దానంతటది సరికాకుండా ఆపి, మార్చి పదహారు పెట్టి వెళ్లిపోయాడు.

జాలీ లేదు, గీలీ లేదు. ఆవిడ దొంగపనికి కూర్చుంది.

ఆవిడకి ఒక్కతే కూతురు. ఇదే ఊళ్లో ఉంటుంది. రెండేళ్ల కిందట మొగుణ్ణి వదిలేసి వచ్చేసింది. "నన్నొక్క మాట అడక్కుండా తెంచుకొస్తావా? నా గడప తొక్కకు!" అని తండ్రి అరిచాడు. అది తొక్కలేదు. తండ్రీకూతుళ్లిద్దరికీ ఆ మొండితనం ఒక్క అచ్చులో పోసినట్టుంటుంది.

ఆయన పోయిన రోజు మాత్రం కూతురు వచ్చింది. ఆ రోజు ఆవిడ నోరు జారింది. ఇంటినిండా జనం ఉండగా, ఏడుపులో ఏం మాట్లాడుతోందో తెలీక, "చివరిదాకా నీ పేరైనా ఎత్తలేదే మీ నాన్న!" అనేసింది. కూతురు ఏదో చెప్పబోయి ఆగిపోయింది. మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే రెండు ముక్కలు పొడిపొడిగా మాట్లాడి పెట్టేస్తుంది.

ఇంట్లో పగలు కూడా భయమేస్తోంది ఆవిడకి. కొత్త సిమ్ము కావాలా అని ఫోన్ చేసే పిల్లని కూడా "భోంచేశావా అమ్మా?" అని అడుగుతోంది. ఆ పిల్ల రెండోసారి చేయలేదు.

తన నోటితో అన్న మాటని తనే వెనక్కి తీసుకుంటే ఎవరు నమ్ముతారు? ఆయనే తీసుకోవాలి. అందుకని ఒంటి వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, ఆయన మాటల్లోనే, ప్రతిదానికీ వాదించే కూతురికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరుతో సహా టైపు చేసింది.

'లాయరమ్మా! కోపంలో గడప తొక్కొద్దన్నాను. తప్పు నాదే. అడగలేక, రమ్మనలేక ఇక్కడ రాసుకుంటున్నాను. వచ్చేయవే. నాన్న.'

నాలుగు లైన్లకి గంటన్నర పట్టింది. గడియారం ముందుకు నడిచినప్పుడల్లా, మాస్టారు నొక్కిన చోటే నొక్కి మళ్లీ మూడింటికి తిప్పుకుంది.

తారీఖెందుకంటే, కూతురు బీమా కంపెనీలో పనిచేస్తుంది. దాని ఉద్యోగమే దొంగ కాగితాలు పట్టుకోవడం. ఏ ఫైలు కనబడినా ముందు ఎప్పుడు పుట్టిందో చూసి గానీ చదవదు. ఆ ఆదివారమే ఎందుకంటే, ఆ ఏడాది మొత్తం ఆయన ఇంట్లో ఒంటరిగా ఉన్నది ఆ ఒక్క రోజే. ఆవిడ ఆపరేషన్ అయిన చెల్లెల్ని చూడటానికి పొద్దున్నే పక్క ఊరు వెళ్లి రాత్రికి వచ్చింది. మోకాలు నొప్పి, కదల్లేనని ఆయన ఆగిపోయాడు. ఆవిడకి తెలీకుండా ఆయన ఏదైనా చేశాడంటే ఆ రోజే చేసుండాలి. ఎంత పకడ్బందీగా ఆలోచించిందో చూడండి!

తారీఖు మాస్టారి చేత మళ్లీ ఇవాళ్టికి తిప్పించి, కూతురికి ఫోన్ చేసింది.

"మీ నాన్న కంప్యూటర్లో నీ పేరుతో ఏదో ఉందటే. మాస్టారు చెప్పాడు. నాకేం తెలుసు, ఆ డబ్బాని ముట్టుకుంటేనే భయం నాకు."

"వస్తానమ్మా" అంది కూతురు.

వచ్చింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికొచ్చి తండ్రి కుర్చీలో కూర్చుంది. ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది. ఇది గనక పట్టుకుందా, ఉన్న ఆ రెండు ముక్కలు కూడా పోతాయి.

అనుకున్నట్టే కూతురు ముందు ఫైలు తెరవలేదు. ఏదో నొక్కింది. తెర మీద ఫైలు వివరాలతో చిన్న డబ్బా తెరుచుకుంది. తారీఖు చూసింది. టైము చూసింది. తిరిగి తల్లి వైపు చూసింది.

ఆవిడ గబుక్కున తల తిప్పేసుకుంది.

కూతురు అప్పుడు ఫైలు తెరిచి చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. చదువుతూ చదువుతూ బల్ల మీద తల వాల్చి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. హమ్మయ్య, నమ్మింది, అనుకుంది తల్లి. పరుగున వెళ్లి తల నిమిరింది.

"ఏం రాశాడే?"

"రమ్మన్నాడమ్మా." కూతురు కళ్లు తుడుచుకుంది. "నా సామాను రేపు తెచ్చేసుకుంటాను. ఉండొచ్చా?"

"అడగాలటే! పద, ముందు అన్నం తిను."

కూతురు తల్లి నడుము చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది.

ఆ మార్చి పదహారు, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నాన్న ఈ కుర్చీలో లేడు. ఊరికి ఆ చివర కూతురి అద్దె గదిలో, కూతురు వడ్డించిన అన్నం తింటూ, "నేనే దిగొచ్చానని మీ అమ్మకి మాత్రం చెప్పకే, నా పరువు పోతుంది" అని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ ఒట్టు పెట్టించుకుంటున్నాడు.