మాడిన అన్నానికి ఫ్లెక్సీ

"తీసెయ్ అనూ, గీ రాతలన్నీ తీసెయ్!"

మహేశ్వర్ ఫోన్‌ను బల్ల మీద పడేశాడు. హోటల్ ఫేస్‌బుక్ పేజీ నిండా తిట్లే.

'అన్నం మాడింది. చారు నీళ్లే. సూర్యాపేటలో ఎక్కడైనా ఆగండి, ఇక్కడ మాత్రం వద్దు.'

ముందురోజు పెళ్లి మాటలకని తిరుమలగిరి నుంచి అమ్మాయి తరఫువాళ్లు, కోదాడ నుంచి అబ్బాయి తరఫువాళ్లు వచ్చారు. నలభై మంది. వంటమాస్టర్ ఆరోజే రాలేదు. లోపల అనురాధ ఏడుస్తూ గరిటె తిప్పింది. బయట మహేశ్వర్ తల ఎత్తకుండా తిట్లు తిన్నాడు.

పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ముచ్చటపడి పెట్టుకున్న హోటల్. ఇలాగే సాగితే దసరాకల్లా తాళమే.

"ఫోన్ల తీసేస్తవ్ బావా, నాలుకల మీదికెల్లి ఎట్ల తీస్తవ్?" అంది అనురాధ. అంతలోనే ఆమె కళ్లు మెరిశాయి. "లీడర్లు చెయ్యని పనికి ఫ్లెక్సీ కొట్టిస్తరు. మనం చేసిన తప్పుకు కొట్టిద్దాం!"

"పిచ్చి లేచిందా?"

లేచింది. మర్నాటికల్లా గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ. మెడలో దండలతో, దండం పెడుతూ ఆ ఇద్దరి పెళ్లి ఫొటో. కింద, 'మాడిన అన్నం పెట్టింది మేమే. మన్నించండి. ఇకనుంచి పొయ్యి దగ్గర మేమే ఉంటాం. ఈసారి తిని తిట్టండి.' చుట్టూ, చోటా లీడర్ల మొహాలుండే చోట, పొల్లు పోకుండా వచ్చిన తిట్లన్నీ.

రోడ్డున పోయేవాళ్లు ఆగారు, నవ్వారు, ఫొటోలు తీసుకున్నారు. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆదివారం ఒక్కతే వచ్చింది, కళ్లద్దాల అమ్మాయి. గుమ్మం దగ్గరి బల్ల ముందు కూర్చుని తిన్నది.

"చారుల ఉప్పు తక్కువైంది."

పై ఆదివారం, "పప్పు మంచిగుంది గానీ పోపు మాడింది."

ఆమె కూర్చోవడం చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు లోపలికొచ్చారు. ఆమె చెప్పిందల్లా అనురాధ సంబరంగా సరిచేసుకుంది.

మహేశ్వర్‌కే అనుమానం. "గీమె ఎదురు హోటలోళ్ల మనిషే. అందరి ముందట వంకలు పెడ్తున్నది."

ఆ మరుసటి వారం ఉండబట్టలేక అనేశాడు. "ఇగ మీరు రాకుండ్రి మేడం. గిరాకీ ఖరాబైతది."

ఆమె చెయ్యి కడుక్కుని నవ్వింది.

"ఇయ్యాల ఏ వంకా లేదని చెప్దామనుకున్న."

వెళ్లిపోయింది.

ఆ పూట మొగుడి పప్పులో అనురాధ ఉప్పే వెయ్యలేదు.

తర్వాత ఆ కళ్లద్దాల అమ్మాయి మళ్లీ రాలేదు. శ్రావణమాసంలో ఒకరోజు, మామిడాకులు కట్టిన బస్సు గేటు ముందు ఆగింది.

"మల్లా మేమే!"

మహేశ్వర్ ఆ గొంతు గుర్తుపట్టాడు. ఆరోజు అందరికన్నా గట్టిగా తిట్టిన పెద్దమనిషి.

"గా రోజు మేమందరం లొల్లి పెట్టినం. పిలగాడొక్కడే మాడిన అన్నంల పెరుగు కలుపుకొని నవ్వుకుంట తిన్నడు. గది సూసే మా పిల్ల ఒప్పుకుంది. అప్పగింతలైనయి, కోదాడ పోతున్నం. ముందు గీడనే తినాలని పట్టుబట్టింది. నలభై మందిమి. పెడ్తరా?"

అనురాధ కొంగు దోపుకుంది. "పొయ్యి మీదనే ఉంది, రాండ్రి బాబాయ్!"

బాసికం సర్దుకుంటూ, కళ్లద్దాల వెనక నవ్వుకుంటూ బస్సు దిగిన పెళ్లికూతురు, ఎవరూ చూపించకుండానే గుమ్మం దగ్గరి తన బల్ల దగ్గరికి నడిచింది.