మచ్చ లేని జబ్బ

బీబీజాన్ జబ్బ మీద టీకా మచ్చ లేదు. ఇస్సాక్‌కి ప్రాణం మీదికొచ్చింది అక్కడే.

అది డెబ్బై నాలుగో సంవత్సరం. బెజవాడ పటమటలో మశూచి టీకా మచ్చ లేని జబ్బ వెతికినా దొరకదు. మచ్చ లేదంటే ఆ మనిషి మశూచి పేరే మరిచిపోయిన రాబోయే కాలం నుంచి వచ్చినట్టు.

ఇస్సాక్ అలా వచ్చినవాడే. పైవాళ్లని ఎదిరించినందుకు ఉరి తీస్తామంటే, తను పుట్టడానికి ఎనభై ఏళ్ల ముందటి కాలంలోకి పారిపోయి వచ్చాడు. పేరు మార్చుకున్నాడు. స్టవ్వుల రిపేరు షాపు పెట్టుకున్నాడు. నా అన్నవాళ్లు లేక కుమిలిపోయే రోజుల్లో, పాడైన స్టవ్వు పట్టుకుని వచ్చింది బీబీజాన్. నిఖా అయ్యాక చూస్తే ఏముంది, ఆమె జబ్బా నున్నగానే ఉంది!

"నేనూ అక్కణ్ణించే వచ్చానండీ. నాకిక వెనక్కి పోయే దారి లేదు," అని భోరుమంది.

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చారు. ఆ తర్వాత నవ్వుకున్నారు కూడా.

ఇప్పుడామెకి ఎనిమిదో నెల. సరిగ్గా ఇప్పుడే ఊడిపడ్డాడు మాయదారి టీకాల మనిషి. భుజాన మందుల సంచీ ఉంది గానీ, ఒక్కళ్లకీ టీకా వెయ్యడు. చేతులు పైకి లాగించి జబ్బలు చూసి పోతున్నాడు. వాడు ఏ కాలం వాడో ఇస్సాక్‌కి అర్థమైపోయింది.

"మీకేం కాదు. మీరు ఇంట్లోంచి కదలకండి," అంది బీబీజాన్. అంటూనే తన జబ్బ మీదికి కొంగు లాక్కుంది.

"నా సంగతి సరే. నువ్వు దొరికితే రెండు ప్రాణాలు పోతాయే పిచ్చిదానా!"

నిండు చూలాలు, ఎక్కడికని పరిగెత్తిస్తాడు? రేపో మాపో వాడు తమ సందులోకీ వస్తాడు. తను దొరికిపోతే వాడిక వెతకడం మానేస్తాడు. అంతకు మించి దారి లేదు. షాపులో పనుందని అబద్ధమాడి, ఆమె తల నిమిరి బయటపడ్డాడు.

టీకాల మనిషి కాలవ గట్టున టీ తాగుతున్నాడు. ఇస్సాక్ ఎదురుగా వెళ్లి చొక్కా చెయ్యి పైకి లాగాడు.

"మీరు వెతికేది నన్నేనండీ. తీసుకుపొండి. మసీదు పక్క సందులో మా ఆవిడుంది, నిండు నెలలు. అమాయకురాలండీ, ఈ ఊరిదే. ఆమె జోలికి మాత్రం పోకండి, మీకు పుణ్యముంటుంది."

వాడు తాపీగా గ్లాసు కింద పెట్టి లేచాడు.

"నీ కేసు ఎప్పుడో కొట్టేశారయ్యా, నేనొచ్చింది నిన్ను పట్టుకురమ్మని పంపితే తిరిగిరాని మా పోలీసావిడ కోసం."